అడిగితే లేదన్నారు

గీతకీ సున్నాకీ తేడా తెలియనివాళ్ళు అంకెల జోలికి రాకూడదని లెక్కలమ్మ అభిప్రాయం. పట్టికలో ఒక గడిలో చిన్న గీత ఉందంటే ఆ ఏడు ఆ సంగతి ఎవరూ అడగలేదని అర్థం. సున్నా ఉందంటే అడిగారు, లేదన్నారు అని అర్థం. పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకి ఆమె మొదటిరోజు చెప్పే పాఠం అదే. వాళ్ళు తలూపి, రెండోరోజే గీతలన్నిటినీ సున్నాలుగా ఎక్కించి తెచ్చేవాళ్ళు. ఆమె చేత చీవాట్లు తినేవాళ్ళు.

ఆ సోమవారం గ్రంథాలయం కింది అంతస్తులో, గుయ్యిమనే ట్యూబులైటు కింద, పాత సర్వే సంపుటాలు ముందేసుకుని కూర్చున్న లెక్కలమ్మ గీతల కోసమే వెతుకుతోంది. 'ఇంటి దగ్గర కూలికి కుట్టుపని చేసే స్త్రీలు' అనే శీర్షిక కింద తన ఊరికి ఎదురుగా ఒక్క గీత కనిపించినా చాలు. అడగలేదు కాబట్టి లెక్క లేదు, ఇప్పుడైనా అడగండి అని రాసెయ్యొచ్చు. సంపుటం వెనక సంపుటం తిరగేసింది. అట్టలకి అంటిన దుమ్ముతో వేళ్ళు నల్లబడ్డాయి. పక్క ఊళ్ళకి ఎంతో కొంత అంకె ఉంది. చొక్కాల ఫ్యాక్టరీ ఉన్న తన ఊరికి, ఊరంతా గుండీల సందు అని పిలిచే సందు ఉన్న ఊరికి, ప్రతి సంపుటంలోనూ గుండ్రంగా, శుభ్రంగా సున్నా.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ సందులోనే పుట్టి పెరిగింది మరి. ఆ సందులో కుట్టని ఆడమనిషి ఆమెకి ఒక్కతి కూడా తెలియదు.

అంకెలు కావాలన్నది కమిటీ. ఫ్యాక్టరీ లోపల పనిచేసేవాళ్ళకి కార్మికుల ఆసుపత్రి కార్డు ఉంది. అవే చొక్కాలకి ఇంటి దగ్గర కాజాలు, గుండీలు కుట్టే ఆడవాళ్ళకి లేదు. వాళ్ళకీ కార్డు ఇవ్వాలా వద్దా తేల్చమని కమిటీ వేశారు. కమిటీ పెద్దలు ఒక్కటే అడిగారు. ఎంతమంది ఉన్నారు, ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఏళ్ళవారీ లెక్క చూపిస్తే మాట్లాడదాం, లేకపోతే ఫైలు మూసేద్దాం. ఆ లెక్క వెతికే పని పరిశోధన కేంద్రానికి వచ్చింది. డైరెక్టరుగారు దాన్ని లెక్కలమ్మ బల్ల మీద పెట్టి, "వారం చివరికల్లా ఆ ఏళ్ళవారీ సిరీస్ కావాలమ్మా," అన్నారు.

సిరీస్ దొరికితే తల్లికి కార్డు వస్తుంది. కార్డు వస్తే కంటి ఆపరేషన్ అవుతుంది. ఎడమ కన్ను ఇప్పటికే పొగచూరిన లాంతరు గ్లాసులా ఉంది, కుడిది కూడా అదే దారిన పడింది. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసీ లాభం లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. బయట చేయించాలంటే కాంట్రాక్టు జీతంతో అయ్యే పని కాదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి వంటగది కిటికీ కింద పీట మీద ఉంది. వెలుతురు ఎటు జరిగితే ఆ పీట అటు జరుగుతుంది. పొద్దున గుమ్మంలో మొదలై, మధ్యాహ్నానికి గది నడుమకి వచ్చి, సాయంత్రానికి వంటగది చేరుతుంది. ఆ ఇంట్లో గడియారం ఆగిపోయినా ఎవరూ పట్టించుకోలేదంటే పీట ఉండబట్టే. ఒడిలో తెల్ల చొక్కా, పక్కన విప్పిన మూట. ఎడమ బొటనవేలి గోటితో గుండీ చిల్లు వెతికి, ఆ గోటి అంచునే సూది దింపుతోంది తల్లి. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం ఆమెకి కనపడటం మానేసి చాలా కాలమైంది. వేళ్ళకి ఇంకా తెలుస్తోంది. సూదిలో దారం ఎక్కించడం మాత్రం వేళ్ళ వల్ల కాదు. అందుకని రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు లెక్కలమ్మ వరసగా సూదులకి దారాలు ఎక్కించి పాత దిండుకి గుచ్చి వెళ్తుంది. తల్లి ఒక్కొక్కటే పీక్కుని కుట్టుకుంటుంది. దిండు ఖాళీ అయితే పక్కింటి కోడల్ని కేకేస్తుంది.

"ఏమే, దొరికామా మేము?" అంది తల్లి, తలెత్తకుండానే.

"దొరకలేదు. సున్నా వేశారు."

"ఎవరు వేశారు?"

"మీరే వేయించారు. అడిగినవాళ్ళందరికీ లేదని చెప్పారుగా."

తల్లి దారం కొరికి నవ్వింది. "మేమెక్కడ చెప్పామే, చెప్పింది నువ్వు. నువ్వింకా బడికి కూడా వెళ్ళట్లేదు. ఆ లెక్కలాయన గుమ్మంలోకి వచ్చాడు. నేను మూట మంచం కిందికి తోసేలోపు నువ్వు దారికి అడ్డంగా నిలబడి, మా అమ్మ ఏ పనీ చెయ్యదండీ, ఊరికే కూర్చుంటుంది అన్నావు. ఆయన బుగ్గ గిల్లి మరీ రాసుకుపోయాడు."

"నువ్వు నేర్పిందేగా."

"నేర్పానులే. చెబితే మూటలు ఆపేస్తామని ఫ్యాక్టరీవాళ్ళు అనేవాళ్ళు మరి. బాగా చెప్పావే అని నీకు బిస్కట్టు కూడా ఇచ్చాను. సగం తిని సగం నాకు పెట్టావు."

ఈ కథ లెక్కలమ్మ ఎన్నోసార్లు విన్నది, ప్రతిసారీ నవ్వింది. ఆరోజు నవ్వలేకపోయింది. కింది అంతస్తులో చూసిన సున్నాల్లో ఒకటి తన నోట్లోంచి వచ్చిందే కదా అనిపించింది. చెప్పులు విడిచి తల్లి పక్కన కూర్చుని, కమిటీ అంటే ఏమిటో, కార్డు వస్తే ఏమవుతుందో చిన్నపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. "ఈసారి ఎవరైనా వచ్చి అడిగితే దాచకమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"అలాగేలే. ఈ కళ్ళతో ఇంకెన్నాళ్ళు దాస్తాను," అంది తల్లి. ఖాళీ సూది కూతురి చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి లెక్కలమ్మ మనుషుల్ని వదిలేసి చొక్కాల వెంట పడింది. మనుషులు లేదంటారు, చొక్కాలు అనవు. ఊరి నుంచి ఏటా ఎన్ని చొక్కాలు బయటి దేశాలకి వెళ్ళాయో ఎగుమతుల కార్యాలయంలో లెక్క ఉంటుంది. ఫ్యాక్టరీలో గుండీల విభాగంలో ఎంతమంది ఉన్నారో కంపెనీయే ఏటా కార్మిక శాఖకి రాసిస్తుంది. ఒకచోటికి వెళ్తే ఇంకోచోటికి పొమ్మన్నారు. అక్కడికి వెళ్తే గుమాస్తా సెలవన్నారు. కాళ్ళరిగేలా తిరిగి, బతిమాలి, కసిరి, రెండు వరుసలూ సంపాదించింది. పక్కపక్కన పెట్టి చూస్తే లోపలి మనుషులు ఏటా దాదాపు అంతే, చొక్కాలు మాత్రం ఏటికేడాది పెరుగుతూ పోయాయి. గుండీలు కుట్టే మిషన్లు కొన్నారేమోనని యంత్రాల కొనుగోళ్ళు చూసింది. కొనలేదు. కొనరు కూడా, చేతికుట్టు గుండీలని చొక్కా మీద చీటీ అంటించి మరీ అమ్ముకుంటారు.

ఒక ఏడు దగ్గర మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. అంతకు ముందటి ఏడుతో పోలిస్తే చొక్కాలు హఠాత్తుగా పన్నెండింతలు అయ్యాయి. ఊళ్ళో ఏం జరిగిందా అని పాత పేపర్లు తిరగేసింది. ఏమీ జరగలేదు. పన్నెండు అన్న అంకె దగ్గర ఏదో మెదిలి మళ్ళీ లెక్క చూసుకుంటే, ఆ ఏటి నుంచి డజన్లు మానేసి విడిగా లెక్కపెట్టడం మొదలెట్టారు, పట్టిక మీద ఒక్క ముక్కయినా రాయకుండా. కాగితాల మధ్య ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఆ గతుకు సరిచేశాక చొక్కాల గ్రాఫు నున్నగా పైకి లేచింది. లోపలివాళ్ళు కుట్టగలిగినవి తీసేస్తే మిగిలిన చొక్కాలన్నీ గుండీల సందు చొక్కాలు. ఏ చొక్కా గుండీలు లేకుండా ఓడ ఎక్కి ఉండదు కదా. ఆ మిగులులో తన తల్లి ఉంది, పక్కింటి అత్తగారు ఉంది, కళ్ళు పోయి మూల కూర్చున్న ఎదురింటి పెద్దమ్మ ఉంది. లెక్కలమ్మకి గంపెడాశ పుట్టింది.

డైరెక్టరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. మంచివాడు ఆయన, కాస్త నెమ్మది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చాలా బాగా పట్టుకున్నావమ్మా," అన్నారు. "కానీ కమిటీవాళ్ళు చొక్కాల్ని కాదు, మనుషుల్ని చూపించమంటారు. ఇది అంచనాయే గదా అని పక్కన పెట్టేస్తారు. సందులో కొన్ని ఇళ్ళు చీటీ తీసి అడిగిద్దాం. ఆ ఇళ్ళవాళ్ళు అవునంటే నీ సిరీస్ నిలబడుతుంది, ఎవరూ కాదనలేరు."

చీటీలు అక్కడే, ఆయన బల్ల మీదే తీశారు. మొదట వచ్చింది సందు మొదట్లో ఉన్న ఇల్లు. లెక్కలమ్మ ఇల్లు.

"ఇది మార్చేద్దామండీ, మా ఇల్లు," అందామె.

"తీసిన చీటీ మార్చకూడదన్నది నువ్వు రాసిన రూలేగా," అన్నారు డైరెక్టరుగారు. "ఉండనీ. మీ అమ్మగారు నిజం చెబితే తప్పేముంది? నువ్వు మాత్రం అక్కడ నోరు మెదపకూడదు. ఆమెకి సైగ చేశావన్న మాట రాకూడదు."

ఆమె ఒప్పుకుంది. లోపల సంతోషమే వేసింది. సందులో మిగతావాళ్ళు తన తల్లిని చూసి చెబుతారు. తల్లి అవునంటే సందంతా అవునంటుంది.

గురువారం సాయంత్రం ఇంటికి వస్తుంటే సందు మొదట్లో మూటలాయన ఎదురయ్యాడు. ఫ్యాక్టరీ నుంచి చొక్కాల మూటలు తెచ్చి ఇంటింటికీ పంచి, కుట్టినవి పట్టుకెళ్ళే మనిషి. ఆడవాళ్ళందరినీ అక్కా, వదినా అని పిలుస్తాడు. ఎవరింట్లో జ్వరం వచ్చినా మందు బిళ్ళలు తెచ్చిపెడతాడు. ఆరోజు సైకిలు మీద మూటలు లేవు.

"అమ్మాయిగారూ, రేపు లెక్కలకి వస్తున్నారటగా," అన్నాడు సైకిలు ఆపి.

"వస్తున్నారు. భయపడాల్సిందేం లేదు."

"నాకెందుకండీ భయం. మీ లెక్క నిజమే, నేను కాదనను. అయితే లెక్కలోకి ఎక్కిన మనిషికి ఆసుపత్రి ఖర్చు కంపెనీ కట్టాలి. అంత కట్టే బదులు ఇంకో ఊళ్ళో ఇంకో సందు చూసుకోవడం వాళ్ళకి తేలిక. పైవాళ్ళు ఆ మాటే అన్నారు, నేను మీ చెవిన వేస్తున్నాను. బెదిరింపు అనుకోకండి. మూటలు ఆగితే నా పొయ్యీ ఆగుతుంది."

పక్కింటి గుమ్మంలో కోడలు నిలబడి వింటోంది. మొగుడికి పని పోయాక ఈమధ్యే కుట్టడం మొదలెట్టింది. చేతిలో మూట లేక ఆ పిల్ల వేళ్ళు ఊరికే ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. లెక్కలమ్మ ఆమె వైపు చూసి, "ఏమీ కాదు, ఊరికే అంటారు," అంది. ఆ మాట తనకే గట్టిగా వినిపించలేదు.

ఇంట్లో తల్లి అంతా విననే విన్నది. "భయపడకమ్మా," అంది లెక్కలమ్మ. "నాకేం భయమే," అంది తల్లి. అన్నం వడ్డించింది. గిన్నె అంచు కనపడక గరిటె ఒకసారి గాల్లో తిరిగింది.

శుక్రవారం పొద్దున సర్వేకి టీచరమ్మ వచ్చింది. బడి నుంచి రిటైరయ్యాక ఇళ్ళ సర్వేలు చేస్తున్న మనిషి, నిక్కచ్చికి పెట్టింది పేరు. ఆమెకి ఈ పని నేర్పింది లెక్కలమ్మే. మొదట్లో ఒకసారి టీచరమ్మ ఒకింట్లో కళ్ళారా చూసింది రాసుకొస్తే, లెక్కలమ్మ ఆ కాగితం తిప్పి ఆమె చేతిలోనే పెట్టింది. "ఎదుటివాళ్ళు నోటితో చెప్పింది రాయాలి టీచరుగారూ, మనకి కనిపించింది రాయకూడదు. మనకి కనిపించేదే రాసుకుంటే ఇక వాళ్ళని అడగడం దేనికి," అంది. టీచరమ్మ ఆ మాట మళ్ళీ మరిచిపోలేదు.

సందులో గుమ్మాలన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో గుమ్మంలో ఒక్కో ముఖం. అందరూ మొదటింటి వైపే చూస్తున్నారు. లెక్కలమ్మ గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. పీట గుమ్మంలో ఉంది, తల్లి దాని మీద ఉంది. అంతకు ముందు క్షణం వరకూ ఒడిలో ఉన్న చొక్కా లేదు. మంచం కింద నుంచి దాని తెల్ల చేయి ఒకటి బయటికి వచ్చి ఉంది. తల్లి కింది పెదవికి దారప్పోగు ఒకటి అతుక్కుని ఉంది.

టీచరమ్మ పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అన్నీ అడిగి రాసుకుంది. ఆ తర్వాత, "మీరు కూలికి ఏదైనా పని చేస్తారామ్మా?" అంది.

తల్లి ముఖం సందు వైపు తిప్పింది. ఆ చూపుకి గుమ్మాలు తప్ప ముఖాలు ఆనవని లెక్కలమ్మకి తెలుసు. అయినా తల్లి పక్కింటి వైపు చాలాసేపు చూసింది.

"పనా? ఏ పనీ లేదమ్మా," అంది. "ఊరికే కూర్చుంటాను."

టీచరమ్మ కలం ఆపింది. ఆమె చూపు మంచం కింది చొక్కా చేతి మీదికి, వరసగా దారాలు వేలాడుతున్న దిండు మీదికి వెళ్ళి, చివరికి లెక్కలమ్మ ముఖం మీద ఆగింది. ఒక ప్రశ్నని ఇంకోసారి, ఇంకోలా అడగొచ్చని నియమం. అంతకు మించి అడగకూడదు.

"అంటే, ఇంటి దగ్గర కూర్చుని ఎవరికైనా కాజాలో గుండీలో కుట్టిపెట్టడం లాంటిది?"

"కళ్ళు కనపడవు నాకు," అంది తల్లి మెల్లగా. "నేనేం కుడతాను తల్లీ?"

లెక్కలమ్మ నోరు తెరిచింది. అబద్ధం, మంచం కింద చూడండి అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుటివాళ్ళు నోటితో చెప్పిందే రాయాలని తాను నేర్పిన రూలే దాన్ని అక్కడ ఆపేసింది. రూలు ఆపిందా, పక్కింటి గుమ్మంలో నలుపుకుంటున్న ఆ వేళ్ళు ఆపాయా అని తర్వాత ఎన్నిసార్లు తనని తాను అడిగినా ఆమెకి జవాబు దొరకలేదు. టీచరమ్మ తల వంచుకుని రాసింది. రాశాక, "వస్తానమ్మా," అంటూ వంగి, తల్లి పెదవి మీది దారప్పోగుని తన వేలితో తీసి పారేసింది.

రెండో ఇల్లు లేదంది. మూడో ఇల్లు లేదంది. పక్కింటి కోడలు, "నాకసలు సూది పట్టుకోవడమే రాదండీ," అని ఒక మాట ఎక్కువే చెప్పింది.

మధ్యాహ్నం డైరెక్టరుగారు కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేశారు. తర్వాత, "కమిటీకి ఉన్నదున్నట్టు పంపాలమ్మా, తప్పదు," అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. చొక్కాల లెక్క అనుబంధంలో పెడతానన్నారు. అనుబంధాలు ఎవరు చదువుతారో ఇద్దరికీ తెలుసు. పట్టిక పూర్తి చేసే పని లెక్కలమ్మదే. చివరి గడి దగ్గర, ఈ ఏటి గడి దగ్గర, ఆమె చెయ్యి ఆగిపోయింది. గీత పెడితేనో అనిపించింది. చిన్న గీత, ఎవరూ పట్టుకోరు. గీత ఉంటే రేపు ఇంకెవరైనా వచ్చి, ఇక్కడ అడగలేదే, అడుగుదాం అనుకుంటారు. కానీ అడిగారు. తన కళ్ళముందే అడిగారు. ఆమె సున్నా వేసింది.

ఇంటికి వచ్చేసరికి పీట వంటగది కిటికీ కింద ఉంది. సందు నిండా సైకిలు చక్రాల గుర్తులు ఉన్నాయి. మూటలాయన వచ్చి వెళ్ళాడు. పక్కన మూట ఎప్పటికంటే పెద్దది. పక్కింట్లోంచి కోడలు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపిస్తోంది. దిండు మీద దారమున్న సూది ఒక్కటీ మిగల్లేదు. తల్లి ఒడిలో చొక్కా పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

లెక్కలమ్మ పక్కన కూలబడింది. అరుద్దామనుకుంది, దారి పొడుగునా అరవడానికి మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. తీరా నోరు తెరిస్తే, "కన్ను పోతుందమ్మా," అని మాత్రమే వచ్చింది.

"పోతే పోనీవే. నాది ఎలాగూ అయిపోవచ్చింది," అంది తల్లి. "ఆ పిల్ల ఇప్పుడిప్పుడే కాజా తిన్నగా వేయడం నేర్చుకుంది. నేను ఒక్క మాట అని సందు మొత్తం పొయ్యిలో నీళ్ళు పొయ్యనా?"

వెలుతురు కిటికీ ఊచల దాకా వెళ్ళిపోయింది. తల్లి తడుముకుంటూ ఖాళీ సూది ఒకటి తీసి కూతురి చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళ కిందటో గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ పిల్లలాగే, ముఖం ఆమె వైపు ఎత్తి అడిగింది.

"బాగా చెప్పానా?"

"బాగా చెప్పావమ్మా," అంది లెక్కలమ్మ. సూదిని వెలుతురుకి ఎత్తి పట్టి దారం ఎక్కించబోయింది. చూపు బాగానే ఉన్న ఆమె కళ్ళకి ఆ బెజ్జం ఎంతకీ కనపడలేదు.